చెరుకు లేని సీజన్

అన్నం ముట్టక మండలం దాటింది.
పొద్దున్న రెండు గుడ్లు, మధ్యాహ్నం నాగావళి చేప,
రాత్రికి కోడికూర, పక్కన దోసకాయ చెక్కలు.
అయినా పరగడుపు లెక్క
నూట నలభై ఎనిమిది.

రాయగడ స్టేషన్ రోడ్డు ల్యాబులో
రశ్మిరంజన్ కాగితం నావైపు తిప్పి
"రసగుల్లానా మౌసా?" అని కన్నుగీటాడు.
ఇంటికొస్తే మా తౌడమ్మ ఏమీ అడగలేదు,
చొక్కా జేబులు తిరగేసి దులిపింది.

జేబులు దులిపించుకోవడం నాకు కొత్తా?
ఇరవై రెండేళ్లు షుగర్ మిల్లులో పాన్ దగ్గర.
షిఫ్టు దిగితే గేటు కాడ వాచ్‌మన్ జెన్నా
తలగుడ్డ విప్పించేవాడు, చెప్పులు విదిలించమనేవాడు.
ఒక్క పలుకు దొరకలేదు ఏనాడూ.
నాలుక మీద కరిగినదానికి తనిఖీ లేదు కదా.

ఆ మిల్లుకి తాళం పడి చాన్నాళ్లయింది.
పిప్పి గుట్ట మీద ఆముదం మొక్కలు మొలిచాయి.
మడ్డి వాసన మాత్రం తొలివాన రోజున
ఎక్కణ్ణించో లేస్తుంది, రాని బకాయిలా.

డాక్టరమ్మ అంది: దొంగ ఎవరూ లేరు,
అది మీ కాలేయం.
బయటి నుంచి పిండి రాకపోతే
మాంసకృత్తుల్ని విప్పి తానే చక్కెర వండుతుంది.
మెదడు కొంత కొవ్వుమంటతో సర్దుకుంటుంది,
నెత్తుటిలో ఎర్ర కణాలు సర్దుకోవు.
మిగిలిన నత్రజని యూరియా అయి ఒంటేలులో పోతుంది.
మీకు షుగరుంది కనక
ఇక చాలన్న మాట దానికి సరిగా వినబడదు.

చెరుకు లేకుండా చక్కెరా!
మా కెమిస్టు వింటే కళ్లజోడు తీసి తుడుచుకునేవాడు.

రాత్రి మెలకువొచ్చి కుడి డొక్క మీద చెయ్యేసుకున్నాను.
సైరను లేదు, బాయిలరు రొద లేదు,
అయినా లోపల ఎవరో పనిమీద ఉన్నారు,
తిన్న గుడ్డు చాలకపోతే తొడకండ నుంచీ లాగుతారట.
తడిమి చూసుకున్నాను.
లుంగీ వదులైన మాట నిజమే.

పాకాన్ని వేళ్ల మధ్య తీగ సాగదీసి
గింజ కట్టింది, ఆపండ్రా అని కేకేసేవాణ్ణి నేను.
వీడికి కేకేసేవాడు లేడు.
చెవుడు, పైగా జీతం లేని మూడో షిఫ్టు.
కోపం రావాల్సింది, రాలేదు.

తెల్లారి తౌడమ్మ గిన్నెలో నీళ్లు పోసి
"రెండేనా?" అంది.
"మూడు."
"మూడోది ఎవుడికేటి?"
పొయ్యి వైపు చూస్తూ ఊరుకున్నాను.