రెండు గొట్టాల మిద్దె

మా మిద్దె మీద పడ్డ వాన
ఒక్కచోటికి పోదు.
పడమటి గొట్టంలో దిగింది వృషభావతికి,
అక్కణ్ణుంచి అర్కావతికి, ఆపైన కావేరికి.
తూర్పు గొట్టంలో దిగింది
బెళ్ళందూరు నురగలో మునిగి లేచి
దక్షిణ పినాకినిని వెతుక్కుంటూ పోతుంది.
మధ్యలో బట్టలారేసే తీగ.
దాని కింద నించుంటే
నా ఎడమకాలు ఒక నదిది, కుడికాలు ఇంకో నదిది.

ఈ సంగతి చూపించింది మునివెంకటప్ప.
బసవనగుడిలో ఇల్లు కొన్న కొత్తల్లో
కారే మిద్దెకి సున్నం పూయడానికొచ్చి,
చెంబెడు నీళ్ళు సరిగ్గా నడిమిన పోసి
పక్కకి జరిగాడు.
నీళ్ళు కాసేపు ఆలోచించి
రెండుగా చీలాయి.

వాళ్ళ తాత వర్తూరు దాపున నీరుగంటి.
తూము ఎప్పుడెత్తాలో,
ఎవరి మడికి ఎన్ని గడియలో
ఆయన నోటిమాటే లెక్క.
మనవడిప్పుడు అదే మట్టి మీద లేచిన
పదమూడంతస్తుల అపార్ట్‌మెంట్లో వాల్వులు తిప్పుతాడు.
ఆరింటికి కావేరి, ఏడింటికి బోరు, తొమ్మిదింటికి ట్యాంకరు.
"పని అదేనమ్మా, చెరువే లేదు" అంటాడు
కన్నడం అంటుకున్న తెలుగులో.
చెరువు నిండితే వాళ్ళు "కోడి పారింది" అనేవాళ్ళట.
మా తెనాలి చెవికి అది
పందెం వదిలి పరిగెత్తిన పుంజులా వినబడి
పడీ పడీ నవ్వాను.
కోడి అంటే అలుగు.
చివరిసారి అది పారిననాడు
ఆయనకి తొమ్మిదేళ్ళు.

పొద్దున ఎనిమిదిన్నరకి నేను వాన కొలుస్తాను.
గరాటు కింద గాజు గొట్టం, పక్కన నోటుబుక్కు.
ఎవరూ అడగలేదు, జీతం లేదు.
ఇరవై రెండేళ్ళ సున్నాలు నా దస్తూరీలోనే ఉన్నాయి.
మొన్న వేసవిలో అరవై ఒక్క సున్నాలు వరసగా పెట్టి
అరవై రెండో రోజున "లేశం" అని రాశాను,
మా వీధి బోరు పద్నాలుగు వందల అడుగుల దగ్గర
దుమ్ము కక్కిన రోజు.
ట్యాంకరు వాడికి పద్దెనిమిది వందలిచ్చి
వాడి మీదే విసుక్కున్నాను.

పుబ్బ కార్తె మూడో రాత్రి.
నూట పద్దెనిమిది మిల్లీమీటర్లు.
నిద్రలోనే తెలిసింది, చప్పుడు ఒకవైపే వస్తోందని.
పడమటి గొట్టం నోట్లో ఆకులు, పిచ్చుక గూడు పీచు,
పక్కింటి పిల్లాడి స్కూలు మేజోడు.
నిలిచిన నీళ్ళు మెల్లగా పైకొచ్చి
తీగ కింది గట్టు దాటి
మొత్తం తూర్పుకి దొర్లిపోయాయి.
కావేరి వాటా పినాకినికి మళ్ళించాను.
ఏ ట్రిబ్యునలూ నోటీసివ్వలేదు.

తడిసిన నైటీతో లెక్క కట్టాను:
సగం మిద్దె, నూట పద్దెనిమిది,
ఆరువేల ఆరువందల లీటర్లు.
ఒక ట్యాంకరు, పైన పది బిందెలు.

నాలుగింటికి ఫోను.
"బేస్‌మెంట్లో నడుము లోతమ్మా. పంపు మునిగిపోయింది.
కార్లు ఒకదాన్నొకటి గుద్దుకుంటున్నాయి."
వెనక ఎవరో తాళాల కోసం అరుస్తున్నారు.
మేజోడు నా చేతిలోనే ఉంది, నీళ్ళు కారుతూ.
నా నీళ్ళు అక్కడికి చేరాయో,
ఇంకా ఏ రాజకాలువ మలుపులో
ఎవరి ప్రహరీకి తల బాదుకుంటున్నాయో.
చెబుదామనే అనుకున్నాను.
ఈలోగా ఆయనే అన్నాడు,
భయం లేని, వింతగా చిన్నపిల్లాడి గొంతుతో,
"ర్యాంపు మీంచి దూకుతున్నాయి చూడండి,
కోడి పారుతోందమ్మా."

తెల్లారి ఎనిమిదిన్నర.
నోటుబుక్కులో తేదీకి గడి ఉంది, వానకి గడి ఉంది.
ఎటు పోయిందో రాయడానికి లేదు.
మార్జిన్లో పెన్సిలుతో రాశాను:
అంతా తూర్పుకే.
మేజోడు పిండి
తీగ మీద ఆరేశాను,
సరిగ్గా నడిమిన.