మొదటి ధార

ఇవాళ ఏ కుళాయీ తిప్పకూడదు.
ఆ మాట రాసిన పచ్చ కాగితాన్ని
తెల్లారగట్ల నాలుగింటికే
డెల్మర్ హ్రుష్కా చీపుళ్ల గది తలుపు మీద అంటించాడు,
తనకోసమే.

ఓహైయోలో, కొలుములు ఆరిపోయిన ఊళ్లో
ఎర్ర ఇటుకల బడి. బయట మంచు.
లోపల రేడియేటర్ల గొణుగుడు.
పద్నాలుగేళ్లుగా ఈ వేళకి అతని పని ఒకటే:
నడవా పొడుగునా పోతూ
ఒక్కో ఫౌంటెన్ మీటా నొక్కిపెట్టి
నీళ్లు పారబోయడం.
"రాత్రంతా గొట్టంలో పడుకున్న నీళ్లు.
లేపి, మొహం కడిగి పంపాలి" అనేవాడు
అంతకుముందు ఈ తాళాల గుత్తి మోసిన ఓటిస్.
ఎందుకో ఓటిస్ చెప్పలేదు. ఇతను అడగలేదు.
బిల్లు ఎక్కువొస్తోందని ఆఫీసువాళ్లు రెండుసార్లు కసిరారు.
ఊఁ అన్నాడు. మర్నాడూ పారబోశాడు.

ఐదున్నరకి రోషెల్ టిబ్స్ వచ్చింది,
పాల క్రేటు నిండా ఖాళీ సీసాలతో.
పావు లీటరువి, వెడల్పు మూతివి.
ఒక్కోదానికి ఒక నంబరు, ఒక సంతకం.
ముందు ఒక్క చుక్క కూడా పోనివ్వకూడదు,
నిద్రలేచీ లేవని మొదటి ధారే కావాలి ఆమెకి.
అలవాటు కొద్దీ డెల్మర్ చెయ్యి మీట మీదికి పోయింది.
"ఆఁ, ఆఁ" అందామె.
చేతులు రెండూ జేబుల్లో పెట్టుకున్నాడు,
చర్చిలో కుర్రాడిలా.

సీసా నిండుతుంటే చూశాడు.
తేటగా ఉంది. ఎంత తేటంటే
దాని వెనక నోటీసు బోర్డు మీద
ఎవరిదో పోయిన గ్లవ్వు గురించి రాసింది చదవొచ్చు.

నా భాషలో సీసాకీ సీసానికీ
పెద్ద దూరం లేదు.
సీసం చివర ఒక సున్నా కూర్చుని ఉంటుంది,
రాసేటప్పుడు చెయ్యి చూడకుండానే చుట్టేస్తుంది.
పిల్లల నీళ్లలో ఆ లోహం ఎంతుండొచ్చని అడిగితే
డాక్టర్లు చూపించేదీ
ఆ గుండ్రటి గుర్తునే.

పన్నెండు రోజులకి కాగితం వచ్చింది.
జిమ్ము దగ్గర నాలుగు. పై అంతస్తు తొమ్మిది.
లైబ్రరీ బయట ఇరవై రెండు.
కిండర్‌గార్టెన్ వైపు, కప్ప బొమ్మ వేసిన
పొట్టి ఫౌంటెన్‌కి అరవై ఒకటి.
వంద కోట్ల పాళ్లలో అరవై ఒక్క పాళ్లు.
చెబితే నవ్వొచ్చేంత చిన్నది.
కాగితం మీద ఎర్ర గీత పదిహేను దగ్గరుంది.

నీరు పల్లమెరుగు అంటారు.
ఆ పొట్టి కుళాయి పల్లం
డెల్మర్ మోకాలెరుగు.
కోత పడ్డప్పటినుంచీ, ఆరేళ్లుగా,
అంత కిందికి వంగలేక
దాన్నొక్కదాన్నే వదిలేస్తున్నాడు.
చిన్నదేలే, ఎన్ని నీళ్లుంటాయి అందులో.

ఏడాదికి రెండు గదులు, గదికి పందొమ్మిది మంది.
అట్టముక్క మీద లెక్క వేశాడు.
మళ్లీ వేశాడు.
తప్పు వస్తే బావుణ్ణు.

తల్లిదండ్రుల మీటింగుకి మడత కుర్చీలు వేసింది అతనే.
వేదిక మీద పెద్దాయన "ముందుజాగ్రత్త" అన్నాడు, తొమ్మిదిసార్లు.
పాత అతుకులన్నాడు, ఊరి గొట్టాలన్నాడు.
ఒకామె లేచింది, నర్సు బట్టల్లోనే:
"మావాడిప్పుడు మూడో తరగతి. నేనెవర్ని అడగాలి?"
ఎవరూ మాట్లాడలేదు.
వెనక గోడ దగ్గర్నుంచి డెల్మర్ అన్నాడు:
"రోజూ పొద్దున పారబోస్తానండీ. అది తప్ప."
సగం మందికి అర్థం కాలేదు.
ఆమె అతనివైపు చాలాసేపు చూసి
"అది తప్ప" అంది.
అడిగినట్టు కాదు.

మర్నాడు కప్ప మీద నల్ల సంచి కప్పి టేపు చుడుతున్నాడు,
నేల మీద చతికిలబడి, కుడికాలు బారచాపి.
ఇలా కూర్చుంటే అందుతుందని
ఇన్నాళ్లూ తట్టలేదు.
ఒంటి బూటు లేసు ఈడ్చుకుంటూ పోతున్న పిల్ల ఆగింది.
"కప్ప చచ్చిపోయిందా?"
నిద్రపోతోంది అనబోయి
మింగేశాడు.
"రిపేరు" అన్నాడు.
"మరి దానికి దాహం వెయ్యదా?"

టేపు చివర గోటికి దొరకడం లేదు.
నడవా చివర, అద్దెకు తెచ్చిన నీళ్ల డబ్బాలో
ఒక పెద్ద బుడగ
బెకమంది.
ఇద్దరూ అటు చూశారు.