పన్నెండో పూస

కడుపునొప్పని వచ్చింది.
చీటీలో అదే ఉంది: పెచ్చెట్టి వీరవేణి, అరవై ఒకటి,
ఊరు కేశనపల్లి, కిడ్నీలో రాయేమో చూడాలి.
సఖినేటిపల్లి రేవులో ఆఖరి పంటెక్కి
నరసాపురం దాటొచ్చారు మొగుడూ పెళ్ళామూ.
అతను బయట బెంచీ మీద, పక్కన చేతికర్ర.
ఆమె గాజులు తీసి నా చేతిలో పోసింది,
బొడ్లోంచి లేసు ఉండా, కొక్కెం సూదీ కూడా.

"ఊపిరి బిగపట్టండి" అంటుంది మిషను,
ఎవరిదో పట్నం గొంతు.
బిగపట్టింది. వదలమన్నాక కూడా వదల్లేదు,
అద్దం వెనక నుంచి నేను సైగ చేసేదాకా.

రాయి ఉంది. కందిగింజంత.
నా పని అక్కడితో అయిపోవాలి.
కానీ పోయిన శ్రావణంలో మా సెంటర్లో
ఒక సాఫ్ట్‌వేర్ పెట్టారు, అడగనిదీ చూస్తుంది.
పొట్ట కోసం తీసిన బొమ్మల్లోంచి
వెన్ను మటుకు వేరు చేసుకుని
పైనుంచి కిందికి ఒక్కో పూసనీ పరీక్షిస్తుంది,
కొబ్బరికాయ చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసే
కొట్టువాడిలాగ.

పసుప్పచ్చ గడి పడింది.
పన్నెండో పూస. విరుగు. ఎనభై ఏడు శాతం.

దాని మాట నేను వెంటనే నమ్మను.
మొన్న రొయ్యల చెరువు కుర్రాడొకడికి
రక్తనాళం దూరే సందుని పట్టుకుని విరిగిందంది.
రాత్రిళ్ళు కాకినాడ నుంచి చూసే డాక్టరు గారు
"అనుమానం ఎక్కువయ్యా దానికి, కొత్త కోడలి మీద అత్తగారిలా" అని నవ్వారు.

పక్కవాటుగా తిప్పి చూశాను.
ఈసారి అనుమానం కాదు.
ముందువైపు మూడోవంతు కుంగిపోయి ఉంది,
తడిగట్టు మీద బండిచక్రం దిగినట్టు.
లోపల లేసు.
అవును, మా ఊరి ఆడవాళ్ళు అల్లే లేసే,
కన్నాలు పెద్దవైపోయి
అక్కడక్కడా దారం తెగి.
పాత విరుగే. అంచులు ఎప్పుడో నున్నబడ్డాయి.
ఎప్పటిదో సాఫ్ట్‌వేర్ చెప్పదు,
దాని దగ్గర శాతాలున్నాయి, సంవత్సరాలు లేవు.

"ఎప్పుడైనా పడ్డారా అమ్మా?"
"నేనా? లేదండి."
"జారి గానీ, మెట్ల మీంచి గానీ..."
"ఆయ్, పడింది ఆయనండి.
దింపు తీస్తా తీస్తా చెట్టు మీంచి. పదకొండేళ్ళయింది.
ఆయన ఎక్స్‌రేలు సంచీడున్నాయి ఇంట్లో,
గ్రహణాలన్నీ వాటిలోంచే చూశాం."

గాజులు ఒక్కోటీ ఎక్కించుకుంటూ,
అడక్కుండానే:
"తోటలో ఆ పూట ఎవరూ లేరండి.
నేనే ఎత్తుకున్నాను, కాలవ్వంతెన దాకా.
మద్దెలో నడుం దగ్గర చిటుక్కుమంది.
ఎండుమట్ట తొక్కేననుకున్నాను."

ఎన్ని వేల వెన్నులు చూపించి నేర్పారో దానికి,
ఏయే దేశాలవో,
మంచు మీద జారినవాళ్ళవి, కార్లు గుద్దుకున్నవాళ్ళవి.
ఆ బొమ్మల్లో ఎవరైనా ఉన్నారా
పడ్డ మనిషిని మోసినవాళ్ళు?
ఉన్నా, ఆ సంగతి ఏ బొమ్మ మీదా రాసి ఉండదు.
అయినా కనిపెట్టింది.
ఆయన సంచీడు ఎక్స్‌రేలు తీసిన ఆసుపత్రుల్లో
పక్కన నిలబడ్డ మనిషిని ఒక్కసారీ
బల్ల మీద పడుకోబెట్టలేదు మేం.

"ఇంక బరువులెత్తకూడదమ్మా,
ఎముకకి వేరే పరీక్ష ఉంది, డాక్టరు గారు రాస్తారు."
"రాయి సంగతి చెప్పండి ముందు" అంది.
గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చి,
"నడుం సంగతి ఆయనతో అనకండేం.
ఆ చెట్టు మళ్ళీ తవ్వుకుంటాడు."

రిపోర్టులో గాయానికి కారణమని ఒక గడి.
నొక్కితే మూడు మాటలు దిగుతాయి:
పడుట, ప్రమాదం, తెలియదు.

బయట అతను కర్ర వెతుక్కుంటున్నాడు.
ఆమె వంగింది,
సరిగ్గా ఆ పూస దగ్గరే వంగింది,
అతని చంక కింద భుజం పెట్టింది.
అద్దంలోంచి సైగ చేశాను. చూడలేదు.

మొదటి పంటు తెల్లారి ఐదున్నరకి.
లేసు ఉండ నా బల్ల మీదే మర్చిపోయింది.
దాన్ని ఇవ్వడానికి లేచాను,
ఏ మాటా నొక్కకుండానే.