మూడు రోజుల మౌనం

గుణుపురం స్టేషను రోడ్డులో
జెరాక్సు కొట్టు మీది గది.
కిటికీ తెరిస్తే వంశధార కనిపించదు,
దాని ఇసుక మోసుకెళ్లే లారీలు కనిపిస్తాయి.
ఏడు కుర్చీలు, ఎనిమిది మందిమి.
కీబోర్డు ఒకటి తయారు చేస్తున్నాం:
ఒడియా వాళ్లకి ఒడియా, మాకు తెలుగు,
కొండమీది వాళ్లకి సవర.
ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు,
విప్పి చూడొచ్చు, తప్పుంటే దిద్దొచ్చు.

దిద్దినదాన్ని లోపలికి రానిచ్చేదెవరు?
అక్కడొచ్చింది తగువు.

మొదటి రెండేళ్లూ తాళంచెవి పొట్నూరు దామోదర దగ్గరే.
మంచివాడే. కానీ వాడికి జ్వరమొస్తే
మూడు భాషలూ దుప్పటి కప్పుకోవాల్సిందే.
పర్లాకిమిడి పెళ్లికెళ్లి పాస్‌వర్డు మరిచొచ్చిన వారం
పెద్ద ప్రాజెక్టు వాళ్లు రాశారు:
మీ జట్టు నియమాలు మీరే రాసుకోండి,
మేం అడ్డు రాము.
అడ్డు రామన్నందుకే భయమేసింది.

లెక్కల పుస్తకం తిరగేసి
వెనకట్ట నుంచి మొదలెట్టాను.
ఒకటి: తాళంచెవులు ముగ్గురి దగ్గర,
ముగ్గురూ ఒక్క కొంపవాళ్లు కాకూడదు.
రెండు: చెవి ఉన్నంత మాత్రాన
తన పనిని తనే లోపలికి తోసేసుకోకూడదు.
మూడు: టీ డబ్బుల సంగతి. అరగంట అరిచి కొట్టేశాం.
నాలుగు: మార్పు ముందుపెట్టిన మూడు రోజుల్లో
ఎవరూ కాదనకపోతే అవునన్నట్టే.
"మౌనం అర్ధాంగీకారం గదా"
అన్నాడు బిభూతి పాణిగ్రాహి, ఒడియా యాసలో.
నవ్వుకుని సంతకాలు పెట్టాం.
ఎస్తేరు రైతా కూడా పెట్టింది,
అందరి చివరా, కుర్చీ లేక నిలబడే.

శ్రావణంలో పుట్టాసింగి రోడ్డు కోసుకుపోయింది.
టవరు పడకేసింది.
ఆ వారమే బిభూతి ఒక మీట తీసేశాడు.
సవర వరసలో కొసన ఉన్నది, ఎవరూ నొక్కనిది.
నొక్కలేదని లెక్క కూడా చూపించాడు.
ఒకరోజు. రెండు.
మూడో రాత్రి పన్నెండు దాటాక
నేనే లోపలికి రానిచ్చాను.

ఐదోనాడు సంత జీపులోంచి దిగింది ఎస్తేరు,
మోకాళ్ల దాకా ఎర్రబురద.
కూర్చోమంటే కూర్చోలేదు.
ఒక మాట పలికింది. మళ్లీ అదే మాట పలికింది.
రెండోసారి మధ్యలో
గొంతు టక్కున మూసి తెరిచింది,
పిట్ట నీటిచుక్క మింగినంత సేపు.
"మొదటిది మాటే కాదు" అంది.
"అర్థం ఉండేది ఆ మూత దగ్గర.
మీరు పీకేసింది దాన్నే.
కొత్తగా నేర్చేవాళ్లకి ఆ మీట ఎక్కడుందో తెలీదు,
అందుకే నొక్కలేదు."

మేమంతా ఆ మాట పలకబోయాం.
ఒక్కరికీ రాలేదు.
వినబడనిదంతా ఖాళీ అనుకున్నాం,
మాటలోనూ, ఈ గదిలోనూ.

"సరే, అర్ధాంగీకారమే" అన్నాడు దామోదర,
"మరి రెండో సగం ఎవర్నడిగాం?"
రెండేళ్లలో వాడన్న మొదటి మంచిమాట.

నాలుగుని కొట్టేసి పక్కన ఇరికించి రాశాను:
ఏ భాష మీట కదిపితే
ఆ భాష మనిషి ఒక్కరైనా
నోరు తెరిచి అవునన్నదాకా ఆగాలి.
టవరు లేని రోజు రోజు కాదు.

బిభూతి ఒప్పుకోలేదు.
అలాగైతే వానలన్నాళ్లూ పని మూలపడుతుందన్నాడు.
అదీ నిజమే, ఏం చేస్తాం.
మీట మాత్రం తనే వెనక్కి పెట్టాడు,
కాస్త విసురుగా.

మూడో తాళంచెవి ఎస్తేరుకిస్తామన్నాం.
పైన ఇంకో ఇద్దర్ని అడగాలంది.
ఎన్ని రోజులు పడుతుందన్నాను.
ఊరుకుంది.
ఆ ఊరుకోవడాన్ని ఈసారి
ఏ గడిలో వెయ్యాలో తెలియక
ఇలా రాశాను మినిట్సులో:

తాళంచెవి బల్ల మీదే ఉంది.
బిభూతి ఇంకా కాదంటున్నాడు.
టీలు తొమ్మిది, ఎవరో రెండు తాగారు.
కుర్చీ ఒకటి కొనాలి.