వెదుళ్ళు కట్టకముందు

రేపు పొద్దుట ఆరు నుంచి రోడ్డు మూత.
జీడిపప్పు బట్టీ ఇవాళే ఆపేశారు.
"పదండే, బారువ పోదాం" అంది గున్నమ్మ,
సగం కూలి ఆటోకే పోసి.

జంక్షన్లో వెదుళ్ళు దింపుతున్నారు,
ఎవరిదో పెళ్ళిపందిరిలా.
"బేగొచ్చీండి" అన్నాడు కానిస్టేబులు.

సముద్రం ముందు ఏం చెయ్యాలో తెలీలేదు.
చద్దన్నం మూట విప్పుకున్నాం.
జీడి తినేసిన వేళ్ళకి ఉప్పునీరు సుర్రుమంది.
రేషన్ మిషను ఒప్పుకోని నా బొటనవేలిని
తడి ఇసుకలో ఒత్తాను.
పడింది,
గీతల్లేకుండానే.
అల రాకముందే గున్నమ్మ
పక్కన తనదీ ఒత్తి,
"ముద్రలయ్యాయి, బియ్యం కొలువు" అంది సముద్రంతో.

తిరిగొచ్చేసరికి ఒక వైపు కట్టేశారు.
ఆటో వంకరగా దూరింది.
కాశీబుగ్గ దాకా వచ్చాక గుర్తొచ్చింది:
గున్నమ్మ చెప్పులు
ఒడ్డునే ఉండిపోయాయి.