నాలుగో పెట్టె

పదకొండు రోజుల్లో ఆరు ఊళ్ళు.
వియన్నాలో గది తలుపు ఒక అట్టముక్కకి తెరుచుకుంది,
ప్రాగ్‌లో నాలుగంకెలకి,
గ్రాజ్‌లో అర్ధరాత్రి దేనికీ తెరుచుకోక
తెల్లారేదాకా మెట్ల మీదే కూర్చోబెట్టింది.
ఇల్లలుకుతూ పేరు మరిచిన ఈగలా
నిద్రలేచి, ఇది ఏ ఊరు,
కిటికీ ఎటువైపు,
అద్దంలో పళ్ళు తోముకుంటున్నది ఎవరు
అని నన్ను నేనే అడగడం అలవాటైంది.

ఈ ఊరి పేరులో అచ్చే లేదు.
మూడు హల్లులు, చలికి దగ్గరగా ముడుచుకున్నట్టు.
అజంత భాష నోరు నాది, ఊరుకోదు.
చివర ఒక ఉకారం తగిలించి టికెట్ అడిగితే
బస్సు డ్రైవరు నవ్వి, ఆఖరి స్టాపు దాటాక కూడా
ఇంకో కిలోమీటరు తీసుకెళ్ళి దించాడు.

ఓజ్బెయ్ ఒకప్పుడు ఇదే బస్సు నడిపేవాడట.
ఇప్పుడు ఆపిల్ తోటలో తేనెపెట్టెల మీద
అటక కట్టి, పరుపు వేసి అద్దెకిస్తాడు.
పడుకున్నవాడి వీపు కింద చెక్క,
చెక్క కింద పన్నెండు పెట్టెలు.
పెట్టెల ముఖాలకి పాత బొమ్మలు:
గయ్యాళి నాలుకని సానరాయి మీద నూరుతున్న దెయ్యం,
వేటగాడి శవాన్ని మోసుకెళ్తున్న కుందేళ్ళు,
వెనకాల డోలు వాయిస్తూ ఎలుగుబంటి.
"రంగుల్ని బట్టి అవి ఇల్లు గుర్తుపడతాయి,"
అంది మనవరాలు యెర్త్సా, పదకొండేళ్ళ దుబాసీ,
"బొమ్మలు మాత్రం మా కోసం."

దీపం ఆర్పాక మొదలైంది.
చెవికంటే ముందు వెన్నుకి తెలిసింది,
మూడు వీధుల అవతల పిండిమర ఆడుతున్నట్టు.
గోరువెచ్చటి మైనం వాసన.
కుడిభుజం కింద మోత, నడుం కింద మోత,
ఎడమ మోకాలి కింద మాత్రం ఏమీ లేదు.
పన్ను ఊడిన చోటికి నాలుక పోయినట్టు
రాత్రంతా ఆ ఖాళీ దగ్గరికే పోయింది నా కాలు.

పొద్దున చెప్పాను. ఓజ్బెయ్ ఏమీ అనలేదు.
నాలుగో పెట్టె, కుందేళ్ళది, మూత తీశాడు.
గుప్పెడు బూడిదరంగు ఈగలు, ఒకదాని వీపు మీద ఒకటి,
చుట్టూ తేనె ఉండగానే.
ఏదో ఒకటి అనాలి కదా అని
ఫోన్లో వెతికి, వాళ్ళ భాషలోనే, చచ్చాయి అన్నాను.

చీపురు తెస్తున్న యెర్త్సా ఆగింది.
"అది ఆవుకి. కుక్కకి.
తేనెటీగకి మనిషి మాట వాడాలి."
ఎందుకని అడిగితే భుజాలెగరేసింది.
"ఇంకోలా రాస్తే మా టీచరు ఎర్రగీత కొడుతుంది."

నా దగ్గర ఎన్ని లేవు!
పోవడం, కాలం చేయడం, కన్నుమూయడం, పరమపదించడం,
కుర్చీని బట్టి, కులాన్ని బట్టి,
పేపర్లో దొరికిన జాగాని బట్టి.
ఒక్కటీ ఈగ ఒంటికి కొలిచి కుట్టింది కాదు.
అసలు తేనె తెచ్చేదాన్ని కూడా
ఈగ అనే పిలిచి ఊరుకున్నాం.

కన్నుమూశాయి, అన్నాను తెలుగులో,
అక్కడ ఎవరికీ అర్థం కాకుండా.
ఓజ్బెయ్ టోపీ తీశాడు.
నా మాటకో, చెమటకో.

తర్వాత సోడా నీళ్ళు కాచి పెట్టె కడిగాడు.
కుందేళ్ళ బొమ్మని ఎండలో గోడకి ఆనించాడు.
మే నెలలో ఏదో ఒక గుంపు వచ్చి వాలుతుందన్నాడు.
చేతులు తుడుచుకుని బిల్లు రాశాడు:
ఒక రాత్రి, ఒక రొట్టె, రెండు కాఫీలు.
కింద గీత గీసి, ఐదు యూరోలు తగ్గించాడు.
"నాలుగోది మోగలేదుగా," అంది యెర్త్సా.
"మీరు డబ్బు కట్టింది పన్నెండుకి."

నేను వద్దన్నాను. ఆయన నాణేలు నావైపు తోశాడు.
నేను అటు తోశాను.
చివరికి అవి రిజిస్టరు మీదే ఆగిపోయాయి.
సంతకం చెయ్యాలంటే జరపాలి.
జరిపి, పేరు రాశాను,
ఇంటిపేరుతో సహా,
ఒక్క తలకట్టు కూడా మరవకుండా.