రంగు ఆరని పెట్టె

బెజవాడ యార్డులో రాత్రి పదకొండు దాటాక
రేకు మొహం తుడిచి ‘మహిళలు’ అని రాస్తాను.
మ పొట్ట గుండ్రంగా రావాలి.
హ నెత్తిన గుడి కట్టాలి,
ల పక్కన కొమ్ము తగిలించాలి.
మా ఎస్తేరు నవ్వుతుంది:
“గుడీ వద్దు, కొమ్ములూ వద్దు నాన్నా,
కూర్చోడానికి కాస్త చోటు చాలు.”

పదిహేడేళ్ళ కాంట్రాక్టు పని.
పెట్టెకి ఇంతని లెక్క.
ఎందుకు రాయాలని ఒక్కరోజూ అడగలేదు.
అడిగితే మా శోభనాద్రి మేస్త్రీ
“రంగు కన్నా ముందు నీ బుర్ర ఆరిపోద్దిరా” అనేవాడు.

పిల్ల గుంటూరులో ల్యాబు కోర్సులో చేరాకే
నా అక్షరాల వెనకాల ఏముందో తెలిసింది.
ఒకామె తడిజుట్టు ఆరబెట్టుకుంటుందట,
ఒకామె చెప్పులు విడిచి ఎదుటి సీటు మీదికి కాళ్ళు చాపుతుందట,
పాలిచ్చే తల్లి కొంగు కోసం వెతుక్కోదట.
“కృష్ణ కెనాల్ దాటగానే నిద్రపోతాను నాన్నా,
నోరు తెరుచుకుని, నంబూరు దాకా.”
నోరు తెరుచుకుని!
ఆ రోజు టీ కొట్టు దగ్గర అందరికీ నేనే డబ్బులిచ్చాను.

తరవాత ఓ సోమవారం.
బండి కదిలిపోతోంది, ఆ పెట్టేమో ఎక్కడో చివర,
పిల్ల అందిన పెట్టె ఎక్కింది.
తలుపు దగ్గర ఎవడో అన్నాడట,
“మీకో పెట్టె ఇచ్చారుగా, ఇక్కడికెందుకొచ్చావ్?”
మంగళగిరి దాకా
వాడి మోచెయ్యీ అదే మాట అంటూనే ఉందట.

నేను ఒక పెట్టె మీదే రాశాననుకున్నాను.
మిగతా పెట్టెల మీద
కుంచె పెట్టకుండా ఏం రాశానో
వాడు చదివేశాడు.

చెప్పాలి, ఇదీ చెప్పాలి.
నాకప్పుడు ఇరవై. పుష్కరాల రద్దీ, తెనాలి ప్యాసింజరు.
నా చెయ్యి కదిలింది రద్దీ వల్ల కాదు.
ఆకుపచ్చ రవికె, చంకలో పిల్లాడు,
ఆమె వెనక్కి తిరిగి చూసింది, తిట్టలేదు.
పిల్లాణ్ణి ఈ భుజం నించి ఆ భుజానికి మార్చుకుంది, అంతే.
అప్పటినించీ ఆ చూపు మీద రంగేస్తున్నాను.
ఎన్ని కోట్లేసినా కిందనించి పైకొస్తుంది.

ఉండాలా, తీసెయ్యాలా?
పాయింట్స్‌మన్ నాగమయ్య తీసెయ్యమంటాడు,
“ఇంట్లో వేరే గదా, బండిలో వేరే పెట్టా?
ఇంకెప్పుడు నేర్చుకుంటారు మగపిల్లలు?”
మాటలో తప్పు లేదు.
కానీ వాళ్ళు నేర్చుకునే బడిలో
మా పిల్ల పలక కావాలా?
పెద్దాసుపత్రిలో ఆయాగా చేసే మా కరుణమ్మ
ఈ వాదన మధ్యలోనే లేచి
“ముందు దాన్ని ప్లాట్‌ఫారం మధ్యకి తెమ్మను,
ఆ చివర రేకుల కప్పు లేదు, దీపం లేదు” అని
గిన్నెలు కడగడానికి పోయింది.

వచ్చే నెల నించి స్టిక్కర్లొస్తాయంట.
ఈ రాత్రిదే నా చివరి పెట్టె.
రాసే ముందు లోపలికెళ్ళి కాసేపు కూర్చున్నాను.
సీటు కింద రెండు పిన్నులు, కొరికిన జామకాయ,
కిటికీ పక్క రేకు మీద గోటితో గీసిన ‘ఉష లేటు’.
ఎవరూ చూడకపోయినా
ఎవరో లేవమన్నట్టు లేచాను.

రాయడం అయ్యాక డబ్బాలో అంగుళం రంగు మిగిలింది.
కుంచె పట్టుకుని పక్క పెట్టె దాకా నడిచాను,
ఏమీ లేని రేకు, అందరూ ఎక్కే పెట్టె.
ఏం రాయాలి దీని మీద? ఏ భాషలో?
తెల్లారుజాము గూడ్సు వెళ్ళేదాకా నిలబడి
మూత పెట్టేశాను.

ఆరూ ఇరవై బండి వెళ్ళాక ఫోన్ చేసింది.
“లు కొమ్ము ఈసారి వంకరపోయింది నాన్నా.
రంగు ఇంకా ఆరలేదు కూడా,
నా చున్నీకి అంటింది.”